పురుగు అంటే ఏ పురుగు?

జూన్ 5
దుకాణం

గబ్బిలాల దొరసానికి,

సెలవు అయిపోయి నువ్వు వెళ్ళి పన్నెండు రోజులైంది. చేరానని ఒక ముక్క రాసి చేతులు దులుపుకున్నావు. ఇక్కడ మేము బతికి ఉన్నామో లేదో అడగాలని కూడా తోచలేదు.

క్యాంపు నుంచి తెచ్చి బాగుచేయమని వదిలి వెళ్ళావే, ఆ నీ పరుపు విప్పాను. పరుపులు కుట్టేవాడి చెల్లెలు పడుకునే పరుపేనా అది? దూది ఉండలు కట్టి ఇటుకల్లా ఉంది. నువ్వే పడుకున్నావా, గబ్బిలాలకి అద్దెకిచ్చావా? దూదంతా పారేశాను. పైగుడ్డ మాత్రం నా చేత్తో కుట్టింది, ఇంకో పదేళ్ళు ఢోకా లేదు. తడిపితే కుంచించుకుపోయి కొలత తప్పుతుందని ఉతకలేదు, దులిపి వెనక గదిలో పెట్టాను. కొత్త దూది రాగానే నింపి పంపుతాను.

ఒకటో తారీకు నుంచి మూడు రోజులు నాకు జ్వరం కాసింది. మూడో రోజు సాయంత్రం ఒళ్ళంతా చెమటలు పట్టి, వచ్చిన దారినే పోయింది. ఇప్పుడు గుండ్రాయిలా ఉన్నాను. వదినకి ఆరో నెల కదా, ఇంట్లో రేకుల కింద ఉక్క భరించలేక మధ్యాహ్నాలు దుకాణానికి వచ్చేస్తోంది. వెనక గదికి కిటికీ లేదు గనక చీకటిగా చల్లగా ఉంటుంది, హాయిగా ఓ కునుకు తీస్తుంది.

మీ చెల్లెలు ఏం పని చేస్తుందని, దిండ్లకి ఆర్డరివ్వడానికి వచ్చిన లాయరుగారి భార్య అడిగింది. గబ్బిలాలకి రక్తపరీక్షలు అన్నాను. "ఎందుకండీ, వాటికి షుగరా?" అంది. కనుక్కుని చెబుతానన్నాను. సరైన జవాబు రాసి పంపు, బట్టీ పట్టుకుంటాను.

అన్నట్టు దుకాణానికి కొత్త బోర్డు రాయించాను. ఎర్ర అక్షరాలు, పసుపు నీడ. "పురుగు పట్టని పరుపులు". రోడ్డు అవతల నుంచి కూడా కనిపిస్తుంది.

అన్నయ్య

~

జూన్ 8
సొరంగం క్యాంపు

అన్నయ్యా,

డ్రైవరు టీ తాగి లేచేలోపు ఈ ఉత్తరం అయిపోవాలి. మా జీపు వారానికి ఒక్కసారే వస్తుంది. సామాన్లూ ఉత్తరాలూ దించుతుంది, మా ఉత్తరాలు పట్టుకుని వెళ్ళిపోతుంది. అందుకే నా రాత ఎప్పుడూ పరుగులో ఉంటుంది. తిట్టకు.

షుగరు కాదని లాయరుగారి భార్యకి చెప్పు. సాయంత్రం సొరంగం నోటికి వలలు కడతాం. బయటికొస్తూ చిక్కుకున్నవాటిని ఒక్కొక్కటిగా గుడ్డసంచిలో వేసి తూకం చూసి, రెక్క కొలిచి, సూదిమొనంత రక్తం తీసి, ముంజేతికి నంబరు పట్టీ తొడిగి వదిలేస్తాం. నిన్న నూట పద్నాలుగో నంబరు నన్ను కరవాలని చాలా కష్టపడింది. గ్లవ్సు ఉన్నాయిలే.

గబ్బిలం అనగానే అందరూ వైరస్ అంటారు. ఈ పరిశోధన నడిపే మా డాక్టరమ్మకి ఆ మాట వింటే ఒళ్ళుమంట. ఆమె వెతికేది బాక్టీరియా. గబ్బిలం రక్తంలో అవి చక్కగా కాపురం చేసుకుంటాయి, దానికి ఒక తుమ్ము కూడా రాదు. మనిషి ఒంట్లోకి వస్తే మాత్రం జ్వరాలు. ఏది ఎలా వస్తుందో మాకే ఇంకా సగం తెలియదు.

నీ జ్వరం సంగతి ఆమెకి చెప్పాను. నీకు పురుగు పట్టిందేమో చూసుకోమంది. నొప్పీ ఏమీ తెలియదట. పడక దగ్గరే ఉంటుందట. దొరికితే సీసాలో వేసి, మూత బిగించి పంపు, చూసి చెబుతాం.

డ్రైవరు లేచాడు. వదినని జాగ్రత్తగా చూసుకో.

నీ చెల్లి

~

జూన్ 12
దుకాణం

చెల్లాయ్,

నిన్నటి నుంచి మళ్ళీ జ్వరం. అక్షరాలు వంకరగా ఉంటే అది పెన్ను తప్పు కాదు.

నీకు పురుగు పట్టిందేమో చూసుకో అని రాస్తావా? ఎవరికి రాస్తున్నావో ఒళ్ళు తెలిసే రాశావా? బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. నీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే లాయరుగారి భార్య దిండ్ల కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "పురుగా? ఎక్కడ?" అంది. ఆవిడ దిండ్లు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళుగా పరుపులు కుడుతున్నాను. నల్లి అన్న మాట ఎవరూ అనలేదు, నువ్వు అన్నావు.

వదిన నన్నే చీవాట్లు పెట్టింది. "మీకు బుర్ర ఉందా? ఆ పిల్ల చదువుకున్నది. పురుగంటే పాకే పురుగా? కంటికి కనిపించనిది. క్రిమి. ఆమె చేసేదే ఆ పని కదా" అంది. నాకూ నిజమే అనిపించింది. అప్పటి నుంచి ముక్కులకి గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నాం. వీధివైపు తలుపు మూసేశాం. నీళ్ళు కాచి తాగుతున్నాం. ఇద్దరం ఎక్కువసేపు వెనక గదిలోనే ఉంటున్నాం, అక్కడికి బయటి గాలి రాదు.

కనిపించని దాన్ని సీసాలో ఎలా పట్టాలో తెలియక పొద్దుటి నుంచి బుర్ర బద్దలు కొట్టుకున్నాం. చివరికి సీసాలోకి మూడుసార్లు గట్టిగా దగ్గి, ఉమ్మి, మూత బిగించాను. ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఏ పురుగో చూసి రాయి.

ఇక్కడి డాక్టరు మలేరియా కావచ్చు, ఎండదెబ్బ కావచ్చు, ఊరికే నీరసం కావచ్చు అన్నాడు. దేనికి దానికి ఒక్కో మాత్ర ఇచ్చాడు. లాయరుగారి భార్య దిండ్లు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. ఇది ముందే రాశానా?

అన్నయ్య

~

జూన్ 15
సొరంగం క్యాంపు

అన్నయ్యా,

నీ సీసా చేరింది. జీపు దిగగానే క్యాంపంతా దాని చుట్టూ మూగారు. పురుగు ఎక్కడుందని డాక్టరమ్మ భూతద్దం పెట్టి వెతికింది. నీ ఉత్తరం చదివి వినిపించాక, నవ్వలేక కడుపు పట్టుకుని కూర్చుంది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె తారీకులు అడిగింది. ఒకటి నుంచి మూడు దాకా, మళ్ళీ పదకొండు నుంచి అని చెప్పగానే నవ్వు ఆపేసింది. మూడు రోజులు వచ్చి, వారం పోయి, మళ్ళీ వచ్చే జ్వరం ఒకటుంది అన్నయ్యా. ఆమెకి అదే అనుమానం.

నేను సరిగ్గా రాయలేదు, తప్పు నాదే. ఈసారి జాగ్రత్తగా చదువు. పురుగు వేరు, క్రిమి వేరు. క్రిమి పురుగు కడుపులో ఉంటుంది. పురుగు పోతే గాని బెడద పోదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే లాభం లేదు. గాలికి వచ్చేది కాదిది. రక్తపరీక్ష చేయించుకో. వదినకి ఎలా ఉంది? ఆమె ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు రాయి. కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ జ్వరం అస్సలు మంచిది కాదట, బిడ్డకే ముప్పట. ఆమెని దూరంగా ఉంచు.

డ్రైవరుకి ఇవాళ రెండో టీ కూడా ఇప్పించాను, అయినా చాలలేదు.

నీ చెల్లి

~

జూన్ 19
దుకాణం

చెల్లాయ్,

నువ్వు చెప్పినట్టే చేశాను. కడుపులో పురుగు అన్నావు కదా, ఆ మాట ముందే రాస్తే ఈ రభస ఉండేది కాదు. నులిపురుగుల మందు తెచ్చుకుని వేసుకున్నాను. రెండు రోజులు దొడ్డికి తిరగడమే సరిపోయింది. పురుగు పడిందో లేదో చూడలేదు, ఆ వివరాలు అడగకు. కడుపుతో ఉన్న మనిషికి ఆ మందు మంచిది కాదని వదినకి ఇవ్వలేదు.

రక్తపరీక్ష కూడా అయింది. పదిహేనో తారీకుకి నా జ్వరం పూర్తిగా తగ్గింది, పదిహేడున తీరుబడిగా వెళ్ళి రక్తం ఇచ్చాను. ఏమీ లేదన్నారు. హమ్మయ్య అనుకుని ఇంటికి వచ్చాను.

ఆ సాయంత్రం నుంచే వదినకి జ్వరం.

నా మాదిరే. ఒక్కసారిగా చలి, తర్వాత ఒళ్ళు పెనంలా కాలడం. ఇవాళ మూడో రోజు. బిడ్డ కదలిక తగ్గినట్టుందని అంటోంది, మళ్ళీ కాసేపటికి లేదులే కదిలింది అంటోంది. తనకే తెలియడం లేదు. నేను చెవి ఆనించి వింటే నాకు నా గుండె చప్పుడే వినిపిస్తోంది. దూరంగా ఉంచమన్నావు. ఎక్కడ ఉంచను? ఇంట్లో ఎండ. నాకు జ్వరం గనక ఆమెని ఇంట్లో ఉంచి నేను దుకాణంలో పడుకున్నాను, తర్వాత ఆమెని దుకాణంలో ఉంచి నేను ఇంట్లో పడుకున్నాను. ఇప్పుడు ఆమె ఇక్కడే వెనక గదిలో ఉంది. అమ్మే పరుపుల మీద జ్వరం మనిషిని పడుకోబెట్టలేక, గట్టి బల్ల ఒత్తుకోకుండా నీ పరుపు పైగుడ్డనే నాలుగు మడతలు వేసి పరిచాను. దళసరి గుడ్డ, మెత్తగా ఉంటుంది. నేను కునుకు తీసేదీ దాని మీదే. కొత్త దూది వచ్చింది గాని, నీ పరుపు ఇంకా మొదలుపెట్టలేదు, ఏమీ అనుకోకు.

పురుగుల మందు నాకు, జ్వరం ఆమెకి. ఇదేం లెక్కో నాకు అంతుపట్టడం లేదు.

అన్నయ్య

~

జూన్ 22
సొరంగం క్యాంపు

అన్నయ్యా,

డ్రైవరు తాళం చెవి నా దగ్గర ఉంది. ఉత్తరం పూర్తయ్యేదాకా ఇవ్వను.

నేను చెప్పింది పిడుదు. పి-డు-దు. కడుపులోది కాదు, గాలిలోది కాదు. కుక్క చెవి పట్టుకుని వేలాడేది చూశావు కదా, దానికి ఇది దూరపు చుట్టం. గబ్బిలాల మీద బతుకుతుంది. వేలాడదు. చీకట్లో వచ్చి కాసేపు రక్తం తాగి మడతల్లోకి వెళ్ళి దాక్కుంటుంది. కుట్టినట్టు మనిషికి తెలియదు. తిండి లేకుండా ఏళ్ళ తరబడి బతుకుతుంది. జ్వరం తెచ్చే బాక్టీరియా దాని ఒంట్లో ఉంటుంది. పురుగు కడుపులో క్రిమి అంటే నా అర్థం ఇది. పిడుదు అని మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. ఇక్కడ మేమందరం దాన్ని పురుగు అనే అంటాం, అదే చేతికొచ్చింది.

ఆ గుడ్డ మీద నుంచి వదినని ఇప్పుడే లేపు. దాన్ని దులపకు, ఉతకకు, విప్పకు. పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టెయ్యి. కట్టేముందు అంచుల కుట్టు మడతల్లో చూడు, చేతికి ఏమైనా చుట్టుకుని మరీ.

డాక్టరమ్మ రాసిన చీటీ ఇందులో ఉంది. పెద్దాస్పత్రిలో చూపించు. జ్వరం ఉన్నప్పుడే రక్తం తీయించాలి, తగ్గాక తీస్తే ఏమీ కనిపించదు. వదినకి మళ్ళీ ఇరవై ఆరుకి అటూ ఇటూ రావచ్చట. దానికోసం ఇంట్లో కూర్చుని ఎదురుచూడకు, ముందే చేర్పించు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇచ్చే మందు ఉంది. ఒక్కటి గుర్తుపెట్టుకో. మొదటి మోతాదు పడ్డ కాసేపటికి వణుకు బాగా ఎక్కువవుతుంది. అలా అవుతుందని తెలిసినదే. భయపడి మందు ఆపకు. ఆస్పత్రిలోనే ఉంచితే వాళ్ళు చూసుకుంటారు.

నేనే జీపు ఎక్కి వచ్చేసేదాన్ని. నా బట్టల్లో, సంచిలో ఇంకా ఏమున్నాయో తెలియక ఆగిపోయాను. అన్నయ్యా, ఆ గుడ్డ నాది. నేనే తెచ్చి మీ ఇంట్లో పెట్టాను.

నీ చెల్లి

~

జూన్ 26
పెద్దాస్పత్రి వరండా

చెల్లాయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. గుడ్డ అంచు మీద బొటనవేలు పెట్టి రాసుకుంటూ వెళ్ళాను. కుట్టులో చిన్న ముడి ఉన్నా నా వేలికి తెలుస్తుంది. ఐదు దొరికాయి. దుమ్ము రంగు, ముడతలు ముడతలుగా, బొత్తాం కన్నా చిన్నవి. నా కుట్టు మడతలో. ఒకటి కొంచెం ఉబ్బి ఉంది. ఆపుకోలేక చిదిమాను. నువ్వు వద్దంటావని తెలుసు, చేతికి కవరు ఉందిలే. రక్తం వచ్చింది. అది నాదో మీ వదినదో.

ఆమెని నిన్ననే చేర్పించాను. ఇవాళ తెల్లవారుజామున జ్వరం ముంచుకొచ్చింది. చీటీ చూపించి, ఇప్పుడే రక్తం తీయమని గొడవ చేశాను. ల్యాబు అబ్బాయి నన్నూ మైక్రోస్కోపులో చూడనిచ్చాడు. మెలికలు తిరిగిన నూలుపోగుల్లా ఉన్నాయి. కదులుతున్నాయి. పన్నెండేళ్ళు నూలుతో బతికినవాణ్ణి, కదిలే పోగు ఎన్నడూ చూడలేదు.

మందు సీసా ఎక్కించారు. గంటన్నరకి వణుకు మొదలైంది. అట్లా ఇట్లా కాదు, మంచం కాళ్ళు నేల మీద టకటకలాడాయి. పళ్ళు కొరుకుతూ నా వైపు చూసింది. "తీసెయ్యండి, చచ్చిపోతాను" అంది. నాకు నీ ఉత్తరంలో దీని గురించి ఏదో రాసి ఉందని గుర్తొచ్చింది. ఏం రాశావో గుర్తు రాలేదు. జేబులోంచి తీస్తే చెమటకి తడిసి ఉంది. "భయపడి మందు ఆప" అని లైను చివర ఉంది. కింది లైను మొదట్లో సిరా పాకి నల్లటి మచ్చ. ఆపమను అన్నావా, ఆపకు అన్నావా? ఒక్క అక్షరం కనిపించలేదు. ఓ చెయ్యి మందు గొట్టం మీద పెట్టి అలాగే నిలబడిపోయాను. నర్సమ్మ వచ్చి నా చెయ్యి మీద ఒక్కటి చరిచింది. ఉత్తరం లాక్కుని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసి, "కు ఉందయ్యా, కు. ఆపకు" అని అరిచింది.

ఇప్పుడు వణుకు తగ్గింది. నిద్రపోతోంది. బిడ్డ మాత్రం పొద్దుటి నుంచి కదల్లేదు. ఇద్దరు డాక్టర్లు వచ్చి పొట్ట మీద గొట్టం పెట్టి విన్నారు. ఒకరు గుండె చప్పుడు ఉందన్నారు, ఒకరు ఇంకోసారి చూద్దామన్నారు. నన్ను బయట కూర్చోమన్నారు. కూర్చున్నాను. అందుకే రాస్తున్నాను.

అన్నయ్య

~

జూన్ 29
సొరంగం క్యాంపు

అన్నయ్యా,

ఉందా లేదా? ఆ ఒక్క మాట రాయి. కార్డు మీద రాయి. నీ ఉత్తరం అక్కడే ఆగిపోయింది, నా ప్రాణం కూడా అక్కడే ఆగింది.

మేం పడుకునే పాత కాపలావాళ్ళ గది కప్పులో గబ్బిలాలు ఉంటాయి. సరిగ్గా నా మంచం పైన. రెండేళ్ళుగా వాటి కిచకిచలు వింటూ పడుకున్నాను. మొదటి ఏడాది నాకూ ఇలాంటి జ్వరమే వచ్చి పోయింది, ఎండ అనుకున్నాను. సొరంగంలో మూడు వందల గబ్బిలాలకి రక్తం తీశాను. నా పరుపు ఒక్కసారి తిప్పి చూసుకోలేదు. డాక్టరమ్మ కూడా తల పట్టుకుంది. ఇప్పుడు అందరి పడకలూ బయట పడేసి వెతుకుతున్నాం.

ఈ ఉద్యోగం మానేస్తాను. వదినకి ఏం చెప్పావు? నా వల్లే అని చెప్పావా? చెప్పకపోతే నేనే చెబుతాను. తిట్టు అన్నయ్యా. తిట్టకుండా నర్సమ్మ గురించీ నూలుపోగుల గురించీ రాస్తే నాకు ఇంకా భయంగా ఉంది.

నీ చెల్లి

~

జూలై 3
ఇల్లు

చెల్లాయ్,

ఉంది. గుండె కొట్టుకుంటోంది. ఆ సాయంత్రం మూడో డాక్టరు వచ్చి నా చెవికి కూడా పెట్టాడు. గుర్రం పరిగెత్తినట్టు ఉంది. అంత వేగంగా ఉండవచ్చా అని అడిగాను, అంతే ఉండాలి అన్నాడు. మర్నాడు తన్నింది కూడా. వదిన నిన్న ఇంటికి వచ్చింది. మళ్ళీ జ్వరం రాలేదు. ఇంకో వారం గడిస్తే గాని నమ్మను. నాకూ మందు ఇచ్చారు. గుడ్డని ఆస్పత్రి వాళ్ళే తీసుకెళ్ళి కాల్చేశారు.

వదినకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. పిడుదులు పాత దూది మూటల్లో వచ్చి ఉంటాయన్నాను. నా సరుకు మీద నేనే నింద వేసుకున్నాను, బతుకులో మొదటిసారి. డాక్టర్లకి అంతుచిక్కనిది మా ఆడపడుచు దూరంగా కూర్చుని కనిపెట్టిందని ఆమె వార్డులో మంచం మంచానికీ చెప్పింది. నేను పక్కనే నిలబడి తల ఊపాను.

నీ మీద కోపం లేదని రాద్దామని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. ఉంది. నువ్వు తెలిసి చేయలేదని తెలుసు. తెలిసినా ఉంది. ఉతక్కుండా ఆ గుడ్డని ఆమె కింద పరిచింది నేనే, ఆ కోపమూ ఉంది. పురుగంటే ఏ పురుగని తిరిగి ఒక్క కార్డు రాసి అడగనందుకూ ఉంది. ఏది నీ మీదో, ఏది నా మీదో విడదీయడం నా వల్ల కావడం లేదు. తిట్టమన్నావు కదా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఉద్యోగం మాత్రం మానకు. మానితే నాకు ఇంకో కోపం తోడవుతుంది.

ఇంకో సంగతి. ఆడపిల్ల పుడితే నీ పేరే పెట్టాలని వదిన నిర్ణయించేసింది. నన్ను అడగలేదు, చెప్పింది అంతే. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. పేరు పెట్టాక రోజుకి వందసార్లు పిలవాలి. అన్నానికి పిలవాలి, అల్లరి చేస్తే కేకెయ్యాలి, ముద్దు చేయాలి. ఈ కోపాలేవీ గుర్తు రాకుండా పిలవాలి కదా.

నిన్న దుకాణంలో ఎవరూ లేనప్పుడు నీ పేరు ఒకసారి పైకి అని చూశాను. సగంలో ఆగిపోయింది.

ఇంకా మూడు నెలలు ఉంది. రోజూ అని చూస్తుంటాను. ఇప్పుడు రావద్దు. నేను పూర్తిగా పిలవగలిగిన రోజు రాస్తాను, ఆ రోజు బయల్దేరు.

అన్నయ్య